అదే పూజ, వేరే గుడి: కొందరు అమెరికా క్యాథలిక్కులు ఎపిస్కోపల్ చర్చికి ఎందుకు వెళ్తారు?

2011 నవంబరు 27, ఆగమనకాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) మొదటి ఆదివారం. ఆ రోజు అమెరికాలోని క్యాథలిక్ గుళ్లలో జనం తడబడ్డారు. "ప్రభువు మీతో ఉండుగాక" అని ఫాదర్ గారు అనగానే, దాదాపు నలభై ఏళ్లుగా నోటికి అలవాటైన జవాబు "అండ్ ఆల్సో విత్ యూ". ఆ రోజు నుంచి అది "అండ్ విత్ యువర్ స్పిరిట్" అయింది. పూజగ్రంథం ఇంగ్లీషు అనువాదం లాటిన్‌కు మరింత దగ్గరగా ఉండాలని రోమ్ పట్టుబట్టడంతో దాన్ని తిరగరాశారు. చూసి చదువుకోవడానికి బెంచీల్లో అట్టలు పెట్టారు. సగం మంది పాత మాట అన్నారు, సగం మంది కొత్త మాట అన్నారు. విశ్వాస ప్రమాణంలోకి 'కన్‌సబ్‌స్టాన్షియల్' అనే నోరు తిరగని మాటొకటి వచ్చి కూర్చుంది.

అదే ఉదయం ఎపిస్కోపల్ చర్చిల్లో పాత జవాబే వినిపించింది. ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టిన అమెరికా శాఖ ఇది. వాళ్ల ప్రార్థనా గ్రంథం 1979 నాటిది. అందులో మార్పేమీ లేదు. అంటే, తను చిన్నప్పుడు విన్న పూజ మాటలు మళ్లీ వినాలనుకున్న క్యాథలిక్కు వెళ్లాల్సింది ప్రొటెస్టెంట్ల గుడికి! ఈ విచిత్రం అర్థమైతే మిగతా విషయం సగం అర్థమైనట్టే.

క్యాథలిక్కుల్లో కొందరు ఎపిస్కోపల్ చర్చికి ఎందుకు వెళ్తారు అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: అక్కడ నియమాలు తక్కువ, అంతా సులువు. ఆ చర్చికి 'క్యాథలిక్ లైట్' అని ఎగతాళి పేరు కూడా ఉంది, పంచదార తగ్గించిన కూల్‌డ్రింక్‌లాగా. ఆ జవాబు నాకు సరిగా అనిపించదు. సులువే కావాలంటే ఆదివారం పొద్దున పడుకోవడంకంటే సులువు ఏముంది? అలా పడుకునేవాళ్లే ఎక్కువ కూడా. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2014 సర్వే ప్రకారం అమెరికా పెద్దవాళ్లలో దాదాపు 13 శాతం మంది మాజీ క్యాథలిక్కులు. వాళ్లలో సుమారు సగం మంది ఇప్పుడు ఏ మతానికీ చెందనివాళ్లు. ప్రొటెస్టెంట్లు అయినవాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది గిటార్లు, డ్రమ్స్, పెద్ద తెరలు ఉండే ఇవాంజెలికల్ సంఘాలకు. ఎపిస్కోపల్ గుమ్మం తొక్కేది ఒక చిన్న పాయ మాత్రమే. ఆ పాయలోనివాళ్లు పూజను వదులుకోలేనివాళ్లు. బలిపీఠం, కొవ్వొత్తులు, రొట్టె, ద్రాక్షారసం, మోకాళ్లమీద ప్రార్థన లేకపోతే వాళ్లకు అది ఆదివారమే కాదు. తమ గుళ్లో ఏదో ఒక తలుపు మూసుకుపోయినప్పుడు, ఆ పూజ దొరికే మరో చోటు వెతుక్కుంటారు.

ఆ మరో చోటు కథేమిటో కొంచెం చూడాలి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి భార్య క్యాథరిన్‌తో జరిగిన పెళ్లి చెల్లదని పోపు ప్రకటించాలి. ఆయన ప్రకటించలేదు. 1534లో హెన్రీ తానే ఇంగ్లండ్ చర్చికి అధిపతినని చట్టం చేయించుకున్నాడు. విడాకుల కోసం పుట్టిన మతం అని దెప్పిపొడుస్తుంటారు గానీ, హెన్రీ అడిగింది విడాకులు కాదు. పెళ్లి మొదటినుంచే చెల్లనిదన్న ప్రకటన. ఇవాళ అమెరికాలో ఒక క్యాథలిక్కు మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే మేత్రాసన (బిషప్పు పరిధి, డయాసిస్) న్యాయస్థానానికి పెట్టుకునే అర్జీ కూడా సరిగ్గా అదే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

హెన్రీ తర్వాత ఇంగ్లండ్ చర్చి అటూ ఇటూ ఊగి ఒక మధ్యదారిలో స్థిరపడింది. పోపు ఉండడు, బిషప్పులు ఉంటారు. లాటిన్ పోయింది, 1549లో క్రాన్మర్ కూర్చిన ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథం వచ్చింది. అమెరికా విప్లవం తర్వాత అక్కడి ఆంగ్లికన్లకు, అంటే ఇంగ్లండ్ చర్చి వాళ్లకు, ఒక చిక్కు ఎదురైంది. బిషప్పు కావాలంటే ఇంగ్లండ్ రాజుకు విధేయత ప్రమాణం చేయాలి. ఇప్పుడే ఆ రాజుతో యుద్ధం చేసి గెలిచారు మరి! దాంతో శామ్యూల్ సీబరీ అనే ఆయన స్కాట్లండ్‌లోని అబర్డీన్ వెళ్లి 1784లో అక్కడి బిషప్పుల చేత అభిషేకం చేయించుకుని వచ్చాడు. 1789 నాటికి ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది. ఎపిస్కోపల్ అంటే బిషప్పులు ఉన్నది అని అర్థం, అంతే.

మన దగ్గర దీని దగ్గరి బంధువు ఎవరంటే సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యారు. ఇప్పుడు అది ఎపిస్కోపల్ చర్చిలాగే ఆంగ్లికన్ కూటమిలో సభ్యురాలు. కాబట్టి "మీరు ఆర్.సి.ఎం.ఆ, సి.ఎస్.ఐ.ఆ?" అని మన క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లి సంబంధాలప్పుడు అడిగే ప్రశ్నకూ, ఇక్కడ మాట్లాడుకుంటున్నదానికీ చుట్టరికం ఉంది. తేడా ఏమిటంటే, మన దగ్గర ఆ రెండు వర్గాలకూ మాటలు కూడా వేరు. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) వాళ్లు జ్ఞానస్నానం అంటే సి.ఎస్.ఐ. వాళ్లు బాప్తిస్మం అంటారు. పూజలో పంచే రొట్టె, ద్రాక్షారసం వాళ్లకు దివ్యసత్ప్రసాదం, వీళ్లకు ప్రభువు బల్ల. ఒకరి గుళ్లో ఇంకొకరు కూర్చుంటే మొదటి నిమిషంలోనే పరాయితనం తెలిసిపోతుంది. అమెరికాలో అలా కాదు.

అక్కడ ఆ పరాయితనం చెరిగిపోవడానికి కారణం రెండో వాటికన్ మహాసభ. 1962 నుంచి 1965 వరకు జరిగిన ఆ సభ తర్వాత క్యాథలిక్ పూజ లాటిన్ వదిలి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే చర్చిల పండితులు కలిసి కూర్చుని విశ్వాస ప్రమాణానికి, మహిమ గీతానికి ఉమ్మడి అనువాదాలు చేశారు. 1979 ఎపిస్కోపల్ గ్రంథంలోకి కూడా అవే వచ్చాయి. బైబిల్ పఠనాల పట్టిక సంగతీ అంతే. క్యాథలిక్కులు 1969లో మూడేళ్ల చక్రం ఒకటి తయారుచేశారు. దాన్నే ఆధారం చేసుకుని ప్రొటెస్టెంట్ చర్చిలు ఒక ఉమ్మడి పట్టిక రాసుకున్నాయి. ఎపిస్కోపల్ చర్చి 2006లో దాన్ని అధికారికంగా తీసుకుంది. దాంతో చాలా ఆదివారాల్లో రెండు గుళ్లలోనూ చదివే సువార్త భాగం ఒకటే. అన్న ఇక్కడ, చెల్లెలు అక్కడ పూజకు వెళ్లి మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుంటే, ఇద్దరూ విన్నది తప్పిపోయిన కుమారుడి కథే అవుతుంది.

కొన్ని చోట్ల అయితే ఎపిస్కోపల్ వాళ్లే ఎక్కువ క్యాథలిక్కుల్లా కనిపిస్తారు. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ పక్క వీధిలో సెయింట్ మేరీ ది వర్జిన్ అని ఒక ఎపిస్కోపల్ చర్చి ఉంది. ధూపం అంత దట్టంగా వేస్తారని దానికి 'స్మోకీ మేరీస్' అని ముద్దుపేరు. అక్కడ మరియమాత పండుగలు చేస్తారు, గానపూజ చేస్తారు. ఊరి చివర 1970ల్లో కట్టిన, జిమ్నాసియంలా ఉండే క్యాథలిక్ గుళ్లో పెరిగినవాడు అక్కడ అడుగుపెడితే అమ్మమ్మ కాలంలోకి వెళ్లినట్టుంటుంది. ఎపిస్కోపల్ చర్చిలన్నీ ఇలా ఉండవు. చాలా సాదాగా నడిపేవాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏది నప్పితే అది చూసుకోవచ్చు.

సరే, పూజ ఒకటే అయినప్పుడు తమ గుళ్లోనే ఉండొచ్చు కదా? చిక్కు బలిపీఠం ముందు వస్తుంది.

విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్న క్యాథలిక్కు పరిస్థితి చూడండి. మొదటి పెళ్లి చెల్లదని చర్చి న్యాయస్థానం తేల్చకుండా రెండో పెళ్లి చేసుకుంటే, నియమం ప్రకారం దివ్యసత్ప్రసాదం పుచ్చుకోకూడదు. పూజకు రావచ్చు, పాడవచ్చు, కానుక వేయవచ్చు. అందరూ లేచి వరసలో నిలబడ్డప్పుడు మాత్రం బెంచీలో కూర్చుని ఉండాలి. పక్కవాళ్లు వెళ్లడానికి మోకాళ్లు పక్కకు జరుపుకోవాలి. వారం వారం ఆ పది నిమిషాలు! పిల్లలు మొదటి సత్ప్రసాదం తీసుకునే వయసుకొచ్చి, "నువ్వెందుకు రావు మమ్మీ?" అని అడిగే రోజు వస్తుంది.

అర్జీ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకుంటారు. అమెరికాలో చాలామందికి అనుకూలంగానే తీర్పు వస్తుంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఆ ప్రక్రియను బాగా తేలిక చేశారు, తప్పనిసరి రెండో విచారణను తీసేశారు. 2016లో రాసిన లేఖలో ఒక చిన్న పాదసూచిక ద్వారా కొందరికి సత్ప్రసాదం అందే వీలూ సూచించారు. ఆ పాదసూచిక మీద బిషప్పులు, కార్డినళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. అయినా ఇరవై ఏళ్లు కాపురం చేసి, ముగ్గురు పిల్లల్ని కన్నావిడకు "ఆ పెళ్లి అసలు పెళ్లే కాదు" అని కాగితం తెచ్చుకోవడం మనసుకు రాదు. పెళ్లి జరిగింది, తర్వాత చెడింది. ఆమెకు తెలిసిన నిజం అదే. ఎపిస్కోపల్ చర్చి కూడా ఒకప్పుడు ఈ విషయంలో గట్టిగానే ఉండేది. 1973లో నియమాలు సడలించి, బిషప్పు అనుమతితో మళ్లీ పెళ్లి చేయడం మొదలుపెట్టింది. అక్కడ బల్ల దగ్గరకు రావడానికి షరతు ఒక్కటే: ఏ చర్చిలోనైనా సరే, బాప్తిస్మం పొంది ఉండాలి.

స్వలింగ సంపర్కుల కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఇందులో క్యాథలిక్కులు తమ పూజను అక్షరాలా మోసుకుని వెళ్లి ఎపిస్కోపల్ గుళ్లో పెట్టుకున్నారు. డిగ్నిటీ అనే సంస్థ 1969లో మొదలైంది. స్వలింగ సంపర్కులైన క్యాథలిక్కులు క్యాథలిక్ గుళ్లలోనే కలుసుకుని పూజ చేసుకునేవారు. 1986 అక్టోబరులో కార్డినల్ రాట్జింగర్, అంటే తర్వాత పోప్ బెనెడిక్ట్ అయిన ఆయన, ఒక లేఖ పంపారు. చర్చి బోధనను ఒప్పుకోని ఇలాంటి సంస్థలకు చర్చి భవనాలు ఇవ్వొద్దన్నది అందులో ఒక మాట. 1987లో న్యూయార్క్ బృందం తాము వాడుకుంటున్న సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ గుడి నుంచి బయటకు రావాల్సి వచ్చింది. ఎయిడ్స్ వారం వారం మనుషుల్ని తీసుకుపోతున్న రోజులవి. అంత్యక్రియలకు గుడి కావాలి. గ్రీనిచ్ విలేజ్‌లోని సెయింట్ జాన్స్ అనే ఎపిస్కోపల్ చర్చి తలుపు తీసింది. వాషింగ్టన్ బృందానికి సెయింట్ మార్గరెట్స్ అనే మరో ఎపిస్కోపల్ చర్చి చోటిచ్చింది. వాళ్లెవరూ ఎపిస్కోపల్ సభ్యులు కాలేదు. క్యాథలిక్కులుగానే తమ పూజ తాము చేసుకున్నారు, గోడలు మాత్రమే పక్కవాళ్లవి. ఎపిస్కోపల్ చర్చి అప్పటికి ఆ దారిలో ఇంకా ఎంతో దూరం వెళ్లలేదు. స్వలింగ సంపర్కుడినని బహిరంగంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్ బిషప్పు అయింది 2003లో, స్వలింగ వివాహాలకు చర్చి నియమాల్లో చోటు దొరికింది 2015లో. ఆ నిర్ణయాల వల్ల ఆ చర్చి చీలిపోయింది, కోర్టు కేసుల్లో భవనాల కోసం కొట్లాడుకుంది కూడా. తలుపు తెరిచినందుకు ఖర్చు లేకుండా పోలేదు.

ఆడవాళ్ల గురుపట్టాభిషేకం, అంటే ఆడవాళ్లు పూజ చేసే గురువులు కావడం, మరో కారణం. 1974 జూలై 29న ఫిలడెల్ఫియాలో పదకొండు మంది మహిళలకు, చర్చి అనుమతి లేకుండానే, రిటైరైన బిషప్పులు గురుపట్టం ఇచ్చారు. రెండేళ్లకు చర్చి దిగివచ్చి అనుమతించింది. 1989లో బార్బరా హారిస్ ప్రపంచ ఆంగ్లికన్లలోనే తొలి మహిళా బిషప్పు అయ్యారు. 2006లో ఎపిస్కోపల్ చర్చి మొత్తానికి అధ్యక్షురాలైన క్యాథరిన్ జెఫర్ట్స్ షోరి చిన్నప్పుడు క్యాథలిక్కే. తల్లిదండ్రులు 1960ల్లో చర్చి మారితే వాళ్లతోపాటు వచ్చారు. రోమ్‌లో దీనికి పూర్తి వ్యతిరేకం: 1994లో రెండో జాన్ పాల్ ఆడవాళ్లకు గురుపట్టం ఇచ్చే అధికారం చర్చికే లేదని తేల్చేశారు. అందుకని గురుత్వ పిలుపు ఉందనుకున్న క్యాథలిక్ అమ్మాయికి మిగిలే దారులు తక్కువ. మన నంద్యాల సి.ఎస్.ఐ. డయాసిస్‌కు 2013లో పుష్పలలిత గారు బిషప్పు అయినప్పుడు దేశమంతా వార్త అయింది, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్పు ఆవిడే. అదీ ఈ గొలుసులోదే.

పిల్లల మీద ఫాదర్ల లైంగిక వేధింపుల కుంభకోణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టినవి, 2018లో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ నివేదికలో వచ్చిన 300 మందికి పైగా ఫాదర్ల పేర్లు అందరికీ తెలిసినవే. వెళ్లిపోయినవాళ్లను ఎక్కువగా మండించింది నేరాలను బిషప్పులు దాచిన తీరు, దాన్ని అడిగే అధికారం విశ్వాసులకు లేకపోవడం. బోస్టన్‌లో 2004లో పదుల సంఖ్యలో విచారణలు (ఒక్కో గుడి కిందుండే సంఘాలు, ఇంగ్లీషులో ప్యారిష్‌లు) మూసేశారు. దగ్గర్లోని సిట్యువేట్ అనే ఊళ్లో సెయింట్ ఫ్రాన్సెస్ క్యాబ్రినీ గుడి విశ్వాసులు మూతకు ఒప్పుకోక, వంతులవారీగా రాత్రింబవళ్లు గుళ్లోనే కాపలా ఉన్నారు. ఒకటీ రెండూ కాదు, పదకొండేళ్లకు పైగా. 2016లో కోర్టులో ఓడి బయటకు వచ్చారు. గుడి తమ డబ్బుతో కట్టుకున్నా, పత్రాలు మేత్రాసనం పేరు మీద ఉన్నాయి. ఎపిస్కోపల్ చర్చిలో కూడా చివరికి ఆస్తి డయాసిస్‌దే అని ఆ కోర్టు కేసుల్లో చాలావరకు తేలింది. కాకపోతే రోజువారీ నడకలో విశ్వాసులకు మాట ఉంటుంది. సంఘం ఎన్నుకున్న కమిటీ లెక్కలు చూస్తుంది, తమ గురువును తామే వెతుక్కుంటుంది. బిషప్పును కూడా గురువులూ విశ్వాసులూ ఓట్లేసి ఎన్నుకుంటారు. మన దగ్గర సి.ఎస్.ఐ. ఎన్నికల గోల తెలిసినవాళ్లు ఇది విని నవ్వుకోవచ్చు. ఓటు హక్కు రుచి, దాన్ని ఎరగనివాడికి వేరుగా ఉంటుంది.

చిన్న గుడి కావడం కూడా ఒక ఆకర్షణే. అమెరికాలో క్యాథలిక్ విచారణ అంటే వేల మంది, ఆదివారం నాలుగైదు పూజలు, పార్కింగ్ కోసం టెన్షన్, ఫాదర్ గారికి పేరు గుర్తుండదు. ఎపిస్కోపల్ చర్చిల్లో సగానికి పైగా చోట్ల ఆదివారం వచ్చేది డెబ్బై మంది లోపే. రెండో వారానికి పేరు పెట్టి పిలుస్తారు, మూడో వారానికి కాఫీ డ్యూటీ వేస్తారు. అంత తక్కువ మంది ఉండడానికి కారణం మరీ సంతోషించేది కాదనుకోండి. 1960ల్లో 34 లక్షలు దాటిన సభ్యులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. క్యాథలిక్కులు వచ్చి చేరుతున్నా ఆ గండి పూడలేదు. భార్యది క్యాథలిక్, భర్తది బాప్టిస్టు అయితే, ఇద్దరూ సగం సగం దూరం నడిచి కలుసుకునే చోటు కూడా చాలాసార్లు ఇదే.

ఇంతవరకు చెప్పినదంతా వెళ్లేవాళ్ల వైపు నుంచి. రోమ్ వైపు నుంచి చూస్తే ఆ బల్ల మీద ఉన్నది సత్ప్రసాదమే కాదు. 1896లో పదమూడో లియో పోపు ఆంగ్లికన్ గురుపట్టాలు పూర్తిగా నిరర్థకం, ఏమాత్రం చెల్లవు అని ప్రకటించారు. గురుపట్టం చెల్లకపోతే ఆ గురువు చేసే పూజా చెల్లదు. చర్చి చట్టం 844వ నియమం ప్రకారం, సంస్కారాలు చెల్లే చర్చిల్లో మాత్రమే, అదీ అవసరం పడితేనే, క్యాథలిక్కు బయట సత్ప్రసాదం తీసుకోవచ్చు. ఆర్థడాక్స్ వాళ్ల దగ్గర వీలవుతుంది, ఎపిస్కోపల్ వాళ్ల దగ్గర కాదు. ఆదివారపు పూజ బాధ్యత కూడా అక్కడికి వెళ్తే తీరినట్టు కాదు. చుట్టంగా వెళ్లి కూర్చోవచ్చు, పాడవచ్చు. తినకూడదు, తాగకూడదు.

కానీ అదే రోమ్ నుంచి వేరే సైగలూ వచ్చాయి. 1966లో ఆరో పాల్ పోపు తన వేలి ఉంగరం తీసి ఆంగ్లికన్ల పెద్ద అయిన ఆర్చిబిషప్ మైఖేల్ రామ్సేకు ఇచ్చారు. చెల్లని బిషప్పు అనుకునే మనిషికి ఎవరైనా బిషప్పు ఉంగరం తొడుగుతారా? 1971లో రెండు పక్షాల పండితులు సత్ప్రసాదం మీద ఒక ఉమ్మడి ప్రకటన చేశారు, క్రీస్తు సన్నిధి నిజంగానే ఉంటుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. 1977లో వర్జీనియా బీచ్‌లో క్యాథలిక్కులు, ఎపిస్కోపల్ వాళ్లు కలిసి ఒకే సంఘం పెట్టుకున్నారు. పాటలు, పఠనాలు, ప్రసంగం కలిసి, సత్ప్రసాదం వేళకు రెండు బల్లలు. పక్కపక్కనే రెండు బల్లలు పెట్టుకున్న ఆ గదే ఈ మొత్తం చిక్కుకు సరైన బొమ్మ అని నాకనిపిస్తుంది. మామూలు విశ్వాసి ఈ సైగలన్నీ చూశాడు. 1896 నాటి లాటిన్ పత్రం చదవలేదు. చదివినవాళ్లలోనూ, మోకరిల్లినప్పుడు తమకు అందినదేమిటో తమకు తెలుసనుకునేవాళ్లున్నారు.

ఈ దారి ఒకవైపే నడవదు. క్యాథలిక్కు ఆంగ్లికన్ అయితే థేమ్స్ నది ఈదాడంటారు, ఆంగ్లికన్ క్యాథలిక్ అయితే రోమ్‌లోని టైబర్ ఈదాడంటారు. మహిళా గురువులు, కొత్త ప్రార్థనా గ్రంథం నచ్చని ఎపిస్కోపల్ వాళ్లు చాలామంది టైబర్ ఈదారు. 1980 నుంచి అమెరికాలో పెళ్లయిన ఎపిస్కోపల్ గురువులను క్యాథలిక్ ఫాదర్లుగా తీసుకుంటున్నారు. 2012 జనవరి 1న వాళ్ల కోసం పాత ఆంగ్లికన్ ప్రార్థనలు వాడుకునే ప్రత్యేక వ్యవస్థే ఏర్పాటైంది, హ్యూస్టన్ కేంద్రంగా. భార్యాపిల్లలతో ఫాదర్ గారు! 2009లో మయామీలో టీవీ ద్వారా పేరు తెచ్చుకున్న క్యాథలిక్ ఫాదర్ అల్బెర్టో క్యూటియే సరిగ్గా ఎదురు దిక్కులో ఈదారు. ప్రేమించినావిడతో సముద్రం ఒడ్డున ఉన్న ఫొటోలు పత్రికకెక్కాక ఎపిస్కోపల్ చర్చిలో చేరి పెళ్లి చేసుకున్నారు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లకు రోమ్ మళ్లీ గురుపట్టం ఇస్తుంది. ఇటు నుంచి అటు వెళ్లినాయనకు ఎపిస్కోపల్ చర్చి ఇవ్వలేదు, పాతదే చాలంది.

మామూలు విశ్వాసులకూ అంతే. లాంఛనంగా చేరాలనుకునే క్యాథలిక్కుకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వరు, విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనమూ మళ్లీ చేయరు. బిషప్పు తల మీద చెయ్యి పెట్టి, లేదా చెయ్యి పట్టుకుని, ఈ కూటమిలోకి స్వీకరిస్తున్నాం అని ప్రార్థిస్తారు. చాలామంది ఆ ఒక్క నిమిషం పనికి కూడా ఏళ్ల తరబడి వెనకాడతారు. అమ్మ బతికుండగా వద్దులే అనుకుంటారు. వారం వారం అక్కడే పూజ, క్రిస్మస్‌కు మాత్రం అమ్మతో క్యాథలిక్ గుడికి.

లాంఛనంగా చేరినా కూడా వాళ్ల పేరు పాత పుస్తకంలోంచి పోదు. చర్చిని అధికారికంగా విడిచిపెట్టిన క్యాథలిక్కులకు వివాహ నియమాల్లో కొన్ని మినహాయింపులుండేవి. 2009లో పోప్ బెనెడిక్ట్ వాటినీ తీసేశారు. క్యాథలిక్‌గా జ్ఞానస్నానం పొందినవాడు రోమ్ లెక్కలో ఎప్పటికీ క్యాథలిక్కే. కాబట్టి ఒహాయోలోనో బోస్టన్‌లోనో ఈ ఆదివారం ఎపిస్కోపల్ బల్ల ముందు మోకరిల్లే ఆవిడ పేరు రెండు రిజిస్టర్లలో ఉంటుంది. ఒకదాంట్లో ఆమె సభ్యురాలు. రెండోదాంట్లో, ఈ వారం పూజకు రాని క్యాథలిక్కు.